మడికో గుప్పెడు మన్ను

మా అత్తగారికి నా మీద కోపం వస్తే తిట్లు మా ఆవిడకి పడతాయి. అల్లుణ్ణి ముఖాన తిట్టకూడదని ఆవిడ పెట్టుకున్న నియమం. నేను గొట్టం కట్టెయ్యడం మర్చిపోతే, "ఏమ్మా, నీళ్ళు ఊరికే వస్తున్నాయా నీకు?" అని కూతుర్ని నిలదీస్తుంది. అత్త మీద కోపం దుత్త మీద అంటారు. మా ఇంట్లో అల్లుడి మీద కోపం కూతురి మీద. పెళ్ళైన కొత్తలో మా ఆవిడ మొహం ముడుచుకునేది. ఇప్పుడు తిట్లన్నీ శ్రద్ధగా విని, తిన్నగా నా దగ్గరికి వచ్చి, "ఇవి నీవి, తీసుకో" అని అప్పజెప్పి పోతుంది.

నాకూ కోపం ముక్కు మీదే ఉంటుంది. కత్తెర మొద్దుబారితే కోపం, పూలపెట్టె మూత సరిగ్గా పడకపోతే కోపం. కానీ అత్తగారి మీద మాత్రం అది ఎప్పుడూ గంట నిలవలేదు. మావగారు పోయాక ఈ పూలతోటని ఒంటిచేత్తో నిలబెట్టిన మనిషి. నేను ఈ ఇంటికొచ్చేనాటికి నాకు పువ్వంటే ఎర్రగానో తెల్లగానో ఉంటుందని తప్ప ఏమీ తెలీదు. కార్నేషన్ మొగ్గని ఎప్పుడు కొయ్యాలో, కాడని ఏ కణుపు మీద తెంపితే కింద కొత్త చిగురు వస్తుందో, పక్క మొగ్గల్ని గోటితో ఎలా గిల్లాలో, అన్నీ ఆవిడే నేర్పింది. నేర్పడమంటే నాకు కాదు లెండి. నేను వింటుండగా కూతురికి చెప్పేది.

మావి రెండు పాలీహౌస్‌లు, అంటే ప్లాస్టిక్ కప్పు కింద పూలు పెంచే షెడ్లు. మొదట కట్టింది పెద్దిల్లు, తరవాత కట్టింది చిన్నిల్లు. ఈ పేర్లు పెట్టిన మహానుభావుడు మావగారే. ఫలితం నేను అనుభవిస్తున్నాను. ఫోన్లో ఎవరైనా ఎక్కడున్నావని అడిగితే "చిన్నింట్లో ఉన్నాను" అంటాను. అవతలివాళ్ళు కాసేపు మాట్లాడరు. ఈమధ్యే మూడోది కట్టాం. దానికి ఇంకో పేరు పెట్టే ధైర్యం ఎవరికీ లేక కొత్తిల్లు అని ఊరుకున్నాం.

పెద్దింట్లో గుమ్మానికి ఎదురుగా మొదటి మడి ఉంది. అది మావగారు స్వయంగా మన్ను జల్లెడ పట్టి, ఎరువు కలిపి, ఎత్తుకట్టి చేసిన మడి. అందులో ఒక పాత ఎర్ర రకం ఉంటుంది. బజారులో దాన్నిప్పుడు ఎవరూ అడగరు. అయినా ఏటా దాని కొమ్మలే తుంచి, వేళ్ళు పట్టించి, మళ్ళీ అక్కడే నాటుతుంది అత్తగారు. తోటలో ఎక్కడ కొత్త మడి కట్టినా, మొక్కలు వచ్చేలోపు ఆ ఎర్ర మడిలోంచి ఒక గుప్పెడు మన్ను తెచ్చి, కొత్త మడి తలదగ్గర, మొదటి మొక్క నాటే చోట, కలుపుతుంది. మడికో గుప్పెడు. "కొత్తచోట బెంగ పెట్టుకోకుండా ఉంటాయి" అంటుంది. పెరుగు తోడేసినట్టే అనుకునేవాణ్ణి నేను. ఆవిడ చెయ్యి పడితే ఎండుకర్ర కూడా చిగురేస్తుందని తోటలో పనిచేసేవాళ్ళందరి నమ్మకం. నా నమ్మకం కూడా అదే.

చిన్నింట్లో మొక్కలు వడలడం మొదలుపెట్టాక కూడా నాకు వేరే ఆలోచన రాలేదు. ముందు ఒక పక్క కొమ్మే పాలిపోయేది. నీళ్ళు చాల్లేదేమో అని పెట్టేవాళ్ళం. పొద్దున్న కాస్త తేరుకుని మధ్యాహ్నానికి మళ్ళీ తల వాల్చేది. ఆ తరవాత రెండో పక్క. చివరికి మొక్క మొత్తం గడ్డి రంగుకు తిరిగి నిలబడే ఎండిపోయేది. ఎరువు మార్చాం, నీళ్ళు తగ్గించాం, పెంచాం. ఆకుల మీద చల్లే మందు ఏదుంటే అది చల్లాం. జబ్బు కిందుంటే మేం పైన వైద్యం చేస్తున్నామని తరవాత తెలిసింది.

మా ఆవిడ పోరు పడలేక మొక్కల డాక్టరమ్మని పిలిచాను. ఆవిడ వచ్చీరాగానే ఆకుల వంక చూడనేలేదు. వడలిన మొక్క ఒకదాన్ని పారతో కింద నుంచి లేపి, బకెట్లో నీళ్ళలో వేళ్ళు జాడించి, నా కళ్ళముందు పెట్టింది. వేళ్ళ నిండా చిన్న చిన్న బుడిపెలు. తరవాత కాడని నిలువునా చీల్చింది. లోపల గోధుమరంగు చార.

"బుడిపెలు నులిపురుగులవి. కంటికి కనిపించవు. వేరులో దూరి కాపురం పెడతాయి," అంది. "అవి చేసిన గాయాల్లోంచి బూజు దూరుతుంది. దొంగకి తలుపు తీసి పెట్టినట్టు. ఆ బూజు నీళ్ళు పైకెక్కే దారిని మూసేస్తుంది. అందుకే మీరు ఎన్ని నీళ్ళు పోసినా మొక్కకి దాహమే."

ఆ మాట అని ఊరుకుంటే బాగుండేది. ఆవిడ మడుల మధ్య ఆ చివరి నుంచి ఈ చివరికి నడిచి, నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

"నాకొకటి అర్థం కావట్లేదు. మామూలుగా ఈ జబ్బు చెప్పులకి అంటుకుని గుమ్మం దగ్గర మొదలవుతుంది. లేకపోతే నీళ్ళు పారి నిలిచే చోట. మీకు మాత్రం ప్రతి మడికీ తలదగ్గరే మొదలైంది. ఎవరో కూర్చోబెట్టి వడ్డించినట్టు. అక్కడేమైనా చేస్తారా మీరు?"

నా చూపు పక్కకి పోయింది. గాజు తలుపు అవతల, పూలు కట్టలు కట్టే గదిలో, అత్తగారు కాడల అడుగులు సమానంగా కత్తిరిస్తూ ఏదో కూనిరాగం తీస్తోంది.

"ఏమీ చెయ్యమండి," అన్నాను.

డాక్టరమ్మ కళ్ళజోడు పైనుంచి నన్నోసారి చూసింది గానీ రెట్టించలేదు. పెద్దింట్లోకి వెళ్ళి, ఎర్ర మడిలో మొక్కని ఒకదాన్ని లేపి చూసింది. పైన కులాసాగా పూలు. కింద వేళ్ళు చూస్తే నిండా బుడిపెలే.

"ఇది మొండి రకం," అంది. "జబ్బు మోస్తుంది, తను మాత్రం పడదు. పక్కవాళ్ళని పడేస్తుంది." అలాంటి బంధువులు నాకు ఇద్దరు ముగ్గురు గుర్తొచ్చారు గానీ నవ్వు రాలేదు. కొత్తింటి మన్నుకి ఆవిరి పట్టించమని, గుమ్మంలో కాళ్ళు ముంచడానికి మందునీళ్ళ పళ్ళెం పెట్టమని, ఆ ఇంటి పార ఆ ఇంట్లోనే ఉంచమని, ఈ మడి మన్ను చెంచాడు కూడా అటు పోనివ్వద్దని గట్టిగా చెప్పి వెళ్ళిపోయింది.

ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. పట్టుకున్నాక ఏం చెయ్యాలో మాత్రం ఎవరూ చెప్పలేదు. ఆ సాయంత్రం మా ఆవిడని పెరట్లోకి తీసుకెళ్ళి విషయం చెప్పాను. బట్టలు ఆరేస్తున్నదల్లా ఆగిపోయి, తడి తువ్వాలు భుజాన వేసుకుని అలాగే నిలబడింది.

"అమ్మకి చెప్పకు."

"చెప్పకపోతే వారంలో మడికో గుప్పెడు పట్టుకుని కొత్తింట్లోకి వస్తుంది. అదీ పోతుంది. దాంతోపాటు మనమూ పోతాం."

"చెప్తే తను చేజేతులా చంపుకున్నాననుకుంటుంది. నాన్న పోయినప్పుడు కూడా అమ్మ మంచం పట్టలేదు. ఎందుకంటే ఆ మడికి నీళ్ళు పెట్టాలి కాబట్టి."

కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. నాకు ఆ కొత్తిల్లు కావాలి. ఆవిడ మనసూ విరగకూడదు. ఇద్దరం నాలుగు బట్టలు ఆరేశాం. ఐదోది ఆరేస్తూ మా ఆవిడ, "ఆవిరి పడితే చస్తాయన్నారు కదూ డాక్టరమ్మ?" అంది. అని వంటింటి వైపు చూసింది.

ఐడియా మా ఆవిడదని అందరూ గుర్తుపెట్టుకోవాలి.

రెండ్రోజులకి అత్తగారు ఎర్ర మడి మన్ను తవ్వుకొచ్చి, గిన్నెలో పోసి, తడిగుడ్డ కప్పి, కట్టలగది బల్ల కింద పెట్టుకుంది. మర్నాడు కొత్తింట్లో కలపాలని. మధ్యాహ్నం భోజనం అయ్యాక ఆవిడ కాసేపు నడుం వాలుస్తుంది. ఆ అదను చూసి గిన్నె ఎత్తుకొచ్చాను. మన్నుని కుక్కరు గిన్నెలో సర్ది, అడుగున నీళ్ళు పోసి, పొయ్యి మీద పెట్టాం. ఉడికించి, చల్లార్చి, మళ్ళీ బల్ల కింద పెట్టేస్తే ఎవరికి తెలుస్తుంది? ఆవిడ గుప్పెడు ఆవిడకుంటుంది, కొత్తిల్లు మాకుంటుంది.

"మన్ను ఎన్ని విజిల్స్‌కి ఉడుకుతుంది?" అని అడిగాను.

"మెత్తబడేదాకా," అంది మా ఆవిడ. ఇద్దరం నోళ్ళు మూసుకుని నవ్వాం.

మొదట తొలకరి వాన వాసన వచ్చింది. ఎంత బాగుందో. మూడో విజిల్‌కల్లా అందులో ఉన్న ఎరువు నిద్ర లేచింది. కిటికీలు తెరిచే లోపే ఇల్లంతా పశువులపాక అయిపోయింది. హాల్లో మంచం కిర్రుమంది. ఆ చప్పుడు వినగానే మా ఆవిడ పెరటి తలుపులోంచి మాయమైపోయింది. కట్టుకున్న భార్య ఎలాంటిదో అప్పుడు తెలుస్తుంది మనిషికి.

అత్తగారు వంటింటి గుమ్మంలో నిలబడింది. జుట్టు ముడి ఒక పక్కకి జారి ఉంది.

"ఏం వండుతున్నారు అల్లుడు గారూ?"

"దుంపలండి."

"దుంపలకి ఈ వాసనేంటి?"

"పాత దుంపలండి."

పొయ్యి కట్టేసి, స్టూలు లాక్కుని కుక్కరు ముందు కూర్చుంది ఆవిడ. ఆవిరి పోయేదాకా మూత రాదు. నేను తేలు కుట్టిన దొంగలా గోడకి ఆనుకుని నిలబడ్డాను. కుక్కరు బుసకొడుతూనే ఉంది. ఆవిడ దాని వంకే చూస్తోంది, నేను ఆవిడ వంకే చూస్తున్నాను. నా జీవితంలో అంత నెమ్మదిగా చల్లారిన కుక్కరు ఇంకోటి లేదు.

మూత తీసింది. నల్లగా, తడిగా, పొగలు కక్కుతూ మన్ను. వేలితో తాకి, కాలి, చెయ్యి వెనక్కి తీసుకుంది. ఎక్కడిదో ఆవిడకి చెప్పక్కర్లేదు.

"ఆయన మన్ను ఉడకబెట్టావా నువ్వు?"

నువ్వు అంది. ఇన్నేళ్ళలో మొదటిసారి. కూతురి మీంచి కాకుండా తిన్నగా నా మీదికే వచ్చిన మొదటి తిట్టు అది. "బుద్ధుందా? మతిపోయిందా నీకు? ఎవరు చెప్పారు నీకీ పని?" అని గిన్నె చేతిలోకి తీసుకుంది, కాలుతున్నా వదల్లేదు. నేను నెమ్మదిగా చెప్పాల్సింది. కానీ తిడితే తిరగబడే రకం కదా నేను.

"ఆ మన్నులోనే ఉందండీ జబ్బు," అనేశాను. "చిన్నింట్లో ప్రతి మడికీ తలదగ్గర మొదలైంది. మీరు గుప్పెడు పెట్టినచోటే. పచ్చి మన్ను కొత్తింట్లో పెడితే అదీ పోతుంది. చెప్తే మీరు బాధపడతారని ఈ ఏడుపు ఏడుస్తున్నాం."

ఆవిడ గిన్నె కింద పెట్టింది. నేను విన్నవన్నీ చెప్పాను. నులిపురుగులు, బుడిపెలు, బూజు, డాక్టరమ్మ చీల్చి చూపించిన కాడ.

"నులిపురుగులంటే పిల్లలకొచ్చేవా?" అని అడిగింది. "మందు పోస్తే పోవూ?"

"ఇవి వేరేవండి. అంత తేలిగ్గా పోవు."

"చిన్నింట్లో అన్ని మడులకీ నేనే పెట్టాను కదూ," అంది. అది నన్ను అడగలేదు. తన కుడిచేతి వంక చూసుకుంటూ తనకి తనే చెప్పుకుంది. ఆ తరవాత స్టూలు మీంచి లేచి, అది యథాస్థానంలో పెట్టి, వెళ్ళి పడుకుంది. రాత్రి భోజనానికి లేవలేదు.

పొద్దున్నే వెళ్ళేసరికి ఆవిడ పెద్దింట్లో ఎర్ర మడి ముందు గొంతుక్కూర్చుని ఉంది. ఒక మొక్కని వేళ్ళతో సహా లేపి, బకెట్లో జాడించింది. బుడిపెలు ఒక్కొక్కటే వేలితో తడిమి చూసింది.

"ఎన్నాళ్ళ నుంచి మోస్తోందో పిచ్చిది," అంది. "పైకి ఒక్కరోజు చెప్పలేదు."

"మావగారుంటే ఏమనేవారండి?" అని అడిగాను.

"ఇంతకాలం ఎందుకు పీకలేదని తిట్టేవారు. ఆయనకి నాలా నియమాలేం లేవు, ఎదురుగా ఎవరుంటే వాళ్ళకే." పైట చెంగుతో మొహం తుడుచుకుంది. "పీకేయించండి. వేళ్ళు ఒక్కటి మిగలకూడదు."

పనివాళ్ళు పీకుతుంటే పక్కనే నిలబడి చూసింది. పీకిన మొక్కల్ని సంచుల్లో కట్టి, తోట బయట తగలబెట్టాం. మడిని బాగా తడిపి, పైన పల్చటి ప్లాస్టిక్ పట్టా లాగి, అంచులన్నీ మన్నుతో పూడ్చాం. అసలే ఎండలు మండిపోతున్నాయి. పట్టా కింద మన్ను ఆ వేడికి తనే ఉడుకుతుందని, వారాల తరబడి అలాగే ఉంచాలని డాక్టరమ్మ చెప్పింది. చిన్నింట్లో కూడా సగానికి పట్టా పరిచాం. మిగతా సగంలో బంతి వేశాం. బంతి వేళ్ళంటే నులిపురుగులకి పడదట. కార్నేషన్లు పండించే ఇంట్లో బంతిపూలేంటని నేను గొణిగాను గానీ, పూశాక చూడటానికి బాగానే ఉన్నాయి.

పనులన్నీ సవ్యంగా సాగాయి. సవ్యంగా లేనిది అత్తగారు ఒక్కతే. తిట్టడం లేదు, కూతుర్ని కూడా. కట్టలగదిలో కూర్చుంటుంది గానీ మొక్కల్ని ముట్టదు. పక్క మొగ్గ గిల్లాల్సి వస్తే, "నువ్వే గిల్లమ్మా, నా వేళ్ళు నొప్పిగా ఉన్నాయి" అంటుంది. కిటికీలో ఉన్న కుండీ మొక్కకి కూడా నీళ్ళు పొయ్యడం మానేసింది. తోటలో నడుస్తున్నప్పుడు చేతులు రెండూ పైట కింద దాచుకుంటోంది, ఏదైనా తగిలితే చచ్చిపోతుందేమో అన్నట్టు. అది చూసి నాకు ఏడుపొచ్చింది. సిగ్గు లేకుండా చెప్తున్నాను. జబ్బుని కొత్తింట్లోకి రానివ్వకుండా ఆపాను, బాగానే ఉంది. ఆవిడ చేతుల్ని ఆవిడకే కాకుండా చేశాను. ఆ చేతులు లేకపోతే నాకా కొత్తిల్లు దేనికి?

మొక్కలు వచ్చాయి. ట్రేల నిండా పచ్చగా, వేలెడంత పొడుగున, శుభ్రమైన నర్సరీ నుంచి పరీక్ష చేయించి తెచ్చినవి. కొత్తింటి గుమ్మంలో మందునీళ్ళ పళ్ళెం, పక్కనే లోపలికి మాత్రమే వాడే చెప్పులు, ఈ ఇంటిదని గుర్తుగా పచ్చరంగు పూసిన పార. పనివాళ్ళందరూ చేతులు కడుక్కుని లోపల వరసగా నిలబడ్డారు. ఎవరూ ట్రే ముట్టుకోలేదు. మొదటి మొక్క అత్తగారు నాటితే తప్ప ఈ తోటలో నాటు మొదలవ్వదు. ఆవిడేమో గుమ్మం బయటే ఆగిపోయింది.

"అమ్మాయి నాటుతుందిలే," అంది.

"నేను నాటను," అంది మా ఆవిడ లోపల్నుంచి.

"మీరు కానివ్వండి అల్లుడు గారూ. నా చెయ్యి వద్దు దానికి."

నా ముక్కు మీది కోపం అప్పుడు పనికొచ్చింది. "మీరు రాకపోతే ఈ మొక్కలు ట్రేల్లోనే ఎండిపోతాయి," అన్నాను. "నేను ముట్టను, ఎవర్నీ ముట్టనివ్వను. జబ్బు మన్నులో ఉందన్నాను గానీ మీ చేతిలో ఉందన్నానా?"

"మన్ను దానంతటదే నడిచి వెళ్ళలేదు కదా," అంది ఆవిడ. చాలా నెమ్మదిగా అంది.

ఆవిడ చెయ్యి పట్టుకుని గుమ్మం పక్కనున్న కొళాయి దగ్గరికి తీసుకెళ్ళాను. అల్లుడు అత్తగారి చెయ్యి పట్టుకోవడం మా ఇంట్లో ఎవరూ చూసి ఉండరు. సబ్బు రాసి కడిగాను. గోళ్ళ బ్రష్షు తీసుకుని ఒక్కో గోరు కింద శుభ్రం చేశాను. మొదట చెయ్యి బిగబట్టింది, తరవాత వదిలేసింది. మా అమ్మ చేతులు కూడా నేనెప్పుడూ అలా కడగలేదు. గోళ్ళు తెల్లబడ్డాయి. అరచేతిలో గీతలు మాత్రం నల్లగానే ఉన్నాయి, వేళ్ళ కణుపుల్లో సన్నటి చారలు. మళ్ళీ సబ్బు రాశాను. మళ్ళీ రుద్దాను. అందులో ఒక్క రేణువు మిగిలినా ఆవిడ లోపలికి రాదని నాకు తెలుసు.

"ఇంకా పోలేదండి," అన్నాను.

"ఇంక రుద్దకండి," అంది అత్తగారు. "అది మన్ను కాదు. నా చెయ్యే అంత."

నేను బ్రష్షు పక్కన పెట్టేశాను. ఆవిడ తన అరచేతిని వెలుతురులోకి తిప్పి కాసేపు చూసుకుంది, ఎవరో చాలా కాలానికి ఎదురుపడితే చూసినట్టు. తరవాత పళ్ళెంలో కాళ్ళు ముంచి, కొత్త చెప్పులు వేసుకుని లోపలికి వెళ్ళింది. మొదటి మడి తలదగ్గర కూర్చుని, మొక్కని గుంటలో నిలబెట్టి, మెడ మన్నులో కూరుకుపోకుండా చుట్టూ వేళ్ళతో నొక్కింది. ఎప్పుడూ ఆ ఒక్కటీ నాటి లేచి, మిగతావి పనివాళ్ళకి వదిలేస్తుంది. ఆ రోజు లేవలేదు. నా వైపు చూడకుండానే, రెండోది ఇమ్మని చెయ్యి చాపింది.